లడఖ్ చలికాలంలో బస: హీటర్ కన్నా వంటగది ముఖ్యం

జనవరిలో లడఖ్ వెళ్లాలనుకునేవారు బస గురించి మొట్టమొదట అడిగేది గదిలో హీటర్ ఉందా అని. అంతకన్నా ముందు అడగవలసినది అక్కడి వంటలో వెన్న, నెయ్యి ఏపాటి వాడతారన్నది. దాదాపు 3,500 మీటర్ల ఎత్తున ఉన్న లేహ్‌లో ఆ నెల రాత్రుళ్లు ఉష్ణోగ్రత మైనస్ 15 డిగ్రీల దరిదాపులకు దిగడం మామూలే. హీటర్ గదిలో ఉన్నంతసేపే ఆదుకుంటుంది. గడప దాటిన మనిషికి ఒంట్లో వేడి పుట్టించవలసింది తిన్న తిండే.

లేహ్‌లో మేము దిగిన హోటల్ సౌకర్యాలకు వంక పెట్టలేము. గొట్టాల్లో నీరు గడ్డకట్టే కాలమైనా, రెండు పూటలా వేడినీళ్లు బకెట్లతో వేళకు అందించారు. భోజనం మాత్రం పుల్కాలు, పలుచని పప్పు, నూనె తగలని కూరలు. కొండ ఎక్కిన కొత్తలో అదే నయం: ఎత్తు ప్రదేశాల్లో ఆకలి మందగిస్తుంది, పైగా అంతే శక్తి పుట్టించడానికి పిండిపదార్థాలకన్నా కొవ్వుకు ఆక్సిజన్ ఎక్కువ కావాలి. అందుచేత ఒళ్లు ఆ గాలికి అలవాటు పడేదాకా అన్నం, తుక్పా (నూడుల్స్ వేసిన సూప్) వంటివే మేలు. అలవాటు పడి, బయట నడక మొదలయ్యాక ఆ పుల్కాలు ఏ మూలకూ చాలలేదు.

హెమిస్ నేషనల్ పార్కులోని రుంబక్ గ్రామంలో హోంస్టే దీనికి పూర్తిగా భిన్నం. పడక గది మంచులా ఉంటుంది, మరుగుదొడ్డి మట్టి చల్లే పాత పద్ధతిది, స్నానం ఊసే లేదు. అయినా నేను ఎక్కువ మార్కులు వేసేది దానికే. ఇంటిల్లిపాదీ వంటగదిలో పిడకల పొయ్యి చుట్టూ చేరతారు. మేమంతా ‘ఆమాలే’ అని పిలిచిన ఇంటి పెద్దావిడ బాగా మరిగించిన తేయాకు డికాక్షన్‌ను పొడవాటి చెక్క గొట్టంలో పోసి, ఉప్పు, పాలు, నిమ్మకాయంత వెన్న వేసి, కవ్వంతో పైకీ కిందకీ గుర్రుగుర్రుమనేలా చిలికేవారు. అదే గుర్‌గుర్ చాయ్. టీ అనుకుని తాగితే మింగుడుపడదు. ఉప్పు చారనుకుంటే రెండో గిన్నె కూడా అడుగుతాము. అందులోనే వేయించిన బార్లీ పిండి కలిపి ముద్ద చేసుకుంటే పొద్దుటి నడకకు సరిపడే ఫలహారం.

గ్రాము కొవ్వు 9 కేలరీలిస్తే, గ్రాము పిండిపదార్థం గానీ మాంసకృత్తులు గానీ ఇచ్చేవి 4 మాత్రమే. బరువైన దుస్తులతో మంచులో నడిచేవారికి ఎక్కువ శక్తి కావాలి, కానీ కడుపూ సంచీ రెండూ చిన్నవే. మా బృందంలో ఒకరు కోడిగుడ్డు తెల్లసొన, ప్రోటీన్ పొడులతో నెట్టుకురావాలని చూసి నీరసపడ్డారు. ఆర్కిటిక్ అన్వేషకుడు స్టెఫాన్సన్ 1928లో న్యూయార్క్ ఆసుపత్రి వైద్యుల పర్యవేక్షణలో మాంసాహారం మీదే బతికి చూపబోయినప్పుడు, మొదట కొవ్వు లేని మాంసం పెట్టగా జబ్బుపడి, కొవ్వు చేర్చాకే కోలుకున్నాడు. మా మిత్రుడు ఆమాలే పెట్టిన వెన్న ముద్దతో తేరుకున్నారు.

సేవల్లో అన్నిటికన్నా నిరాశపరిచింది మేము మాట్లాడుకున్న ట్రావెల్ సంస్థ ఇచ్చిన పొట్లం భోజనం: జామ్ రాసిన బ్రెడ్డు, ఉడికించిన బంగాళాదుంప, దారిలోనే గడ్డకట్టిన పళ్లరసం. వేరుశనగలు, ఆప్రికాట్ గింజల పప్పు, వెన్న రాసిన రొట్టె కావాలని వారికి ముందే చెప్పుకోవాలి. రుంబక్‌లో అతిథులను ఇళ్లవారు వంతులవారీగా తీసుకుంటారు కనుక ఫలానా ఇల్లే కావాలని పట్టుబట్టడం కుదరదు. పిత్తాశయ సమస్యలు, గుండె జబ్బులు ఉన్నవారు ఈ తిండి గురించి వైద్యుని అడిగే బయలుదేరాలి. ఇంటి నుంచి నెయ్యి తీసుకెళ్లేవారు సన్నమూతి సీసాలో కాక వెడల్పు మూతి డబ్బాలో పోసుకోవాలి. అక్కడ అది రాయిలా గడ్డకడుతుంది, గట్టి చెంచాతో గీకి కందిపొడి అన్నంలోకి వేసుకోవడమే.