మిరప విత్తనం: ప్యాకెట్ కొనాలా, ఎండుమిర్చి దులపాలా?

కుండీల్లో నాలుగు మొక్కలకు ప్యాకెట్ ఎందుకు, వంటింట్లో ఎండుమిర్చి ఉందిగా అంటారు మా అత్తయ్య. నిజమే, ఖర్చు లేదు. కానీ అది హైబ్రిడ్ కాయైతే పిల్ల మొక్కలు తల్లిలా రావు. పాత సరుకైతే మొలకే అనుమానం. ఓసారి 20 గింజలు వేస్తే మూడే మొలిచాయి నాకు.

ప్యాకెట్ మీద రకం పేరు, మొలక శాతం, పరీక్ష తేదీ, గడువు ఉంటాయి. మిరపకు కనీసం 60 శాతం మొలకెత్తాలన్నది ధ్రువీకరణ ప్రమాణం. గడువు చూడకుండా కొంటే ఇదీ దండగే. ఏటా గింజ దాచుకోవాలంటే ఎఫ్1 (హైబ్రిడ్) గింజ వద్దు, గుంటూరు లాం ఫారం (వ్యవసాయ పరిశోధన కేంద్రం) వారి ఎల్‌సీఏ 334 లాంటి సూటి రకం (హైబ్రిడ్ కానిది) తీసుకోండి. రంగు పూసిన గింజలకు మందు పట్టించి ఉంటుంది, పిల్లలకు అందనివ్వకండి.

నా ఓటు ప్యాకెట్‌కే. అత్తయ్య మాత్రం ఇంకా డబ్బా దులుపుతూనే ఉన్నారు.