అమ్మ మోకాళ్ళు, మూడు బస్సులు

గుంటూరు దాకా అని రాసిన టికెట్టు చేతిలో ఉండగానే, తెల్లవారుజామున 4 గంటలకి విజయవాడ వారధి దగ్గర అమ్మతో రోడ్డున పడ్డాను. హైదరాబాద్ నుంచి మనిషికి 900 చొప్పున 1800 కట్టాం. "గుంటూరుకి మీరిద్దరే సార్, బస్సు అటు పోదు, ఆర్టీసీలో వెళ్ళిపోండి" అంటూ ఆ ప్రైవేటు ట్రావెల్స్ క్లీనర్ సూట్‌కేసులు రెండూ కింద పడేశాడు. అమ్మ వెనక్కి తిరిగి, కడ్డీ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగుతుంటే "తొందరగా దిగమ్మా" అని కసిరాడు. డబ్బు సంగతి ఎలా ఉన్నా, ఆ కసురు తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

లండన్‌లో చెల్లెలి దగ్గర నెల రోజులుండి వస్తున్నాం. అక్కడ చూడాల్సినవన్నీ చూశాం. అమ్మ మాత్రం ఎవరు అడిగినా ఈస్ట్ హామ్‌లో ఎక్కిన ఎర్ర బస్సు గురించే చెబుతుంది. డ్రైవరు ఆమె చేతికర్ర చూసి ఏదో మీట నొక్కాడు. బస్సు బుస్సుమని గాలి వదిలి మా వైపుకి ఒరిగింది. "ఏనుగు వంగినట్టు వంగిందిరా!" అని అమ్మ ఎక్కడం మర్చిపోయి చూస్తూ నిలబడింది. ఆమె సీట్లో సర్దుకునేదాకా అద్దంలో చూసి, అప్పుడు కదిలించాడు. మేం వెళ్ళినప్పుడు టికెట్టు 1.75 పౌండ్లు, గంటలోపు వేరే బస్సు ఎక్కితే మళ్ళీ కట్టక్కర్లేదు. 2014 నుంచి నగదు తీసుకోవడం లేదు కాబట్టి మనిషికో కార్డు పెట్టుకోండి, ఒక కార్డుతో ఇద్దరికి కుదరదు. దిగాల్సిన స్టాపు పేరు బస్సే చెబుతుంది. "పక్కనున్నవాళ్ళు మాత్రం ఒక్క మాటా మాట్లాడరేంట్రా" అని అమ్మకి అదొక్కటే లోటు.

వారధి దగ్గర ఆటో అతను గుంటూరుకి 800 అడిగాడు. ఇంతలో ఆర్టీసీ ఎక్స్‌ప్రెస్ వచ్చింది. మొదటి మెట్టు అమ్మ మోకాలి ఎత్తున ఉంది. నేను సూట్‌కేసులతో తంటాలు పడుతుంటే కండక్టర్ దిగి, "కుడికాలు పెట్టండి పెద్దమ్మా, నేను పట్టుకున్నాగా" అని మోచెయ్యి కింద చెయ్యి వేసి ఎక్కించాడు. ముందు సీట్లో కుర్రాణ్ణి లేపి కూర్చోబెట్టాడు. పాస్‌పోర్టు సంచిలోంచి ఆధార్ తీసి చూపిస్తే, ఆడవాళ్ళకి ఆర్టీసీలో ఉచిత ప్రయాణమిచ్చే స్త్రీ శక్తి పథకం కింద అమ్మకి జీరో టికెట్టు కొట్టాడు. 2025 ఆగస్టు 15న ఈ పథకం మొదలయ్యాక అమ్మ ఎక్కిన మొదటి బస్సు ఇదే. ఆ టికెట్టు మడిచి పర్సులో దాచుకుంది. నేను 500 నోటిస్తే, కొంత చేతిలో పెట్టి, టికెట్టు వెనక పెన్నుతో 400 అని రాశాడు. మంగళగిరి దాటాక నేను అడక్కముందే తెచ్చిచ్చాడు.

పెద్దవాళ్ళని తీసుకెళ్తుంటే వారధి దగ్గర కాకుండా నెహ్రూ బస్టాండ్‌లో ఎక్కించండి. అక్కడ బస్సు ఆగి ఉంటుంది, హడావుడి ఉండదు. చివరి స్టాపు దాకా వెళ్తుందని ట్రావెల్స్ వాళ్ళు నోటితో చెప్పింది నమ్మకండి. ఫోన్లో మెసేజ్ పెట్టించుకోండి. నా 1800లో ఒక్క రూపాయి కూడా వెనక్కి రాలేదు.

వారధి నుంచి పెదకాకాని దాకా అమ్మ ఆ కండక్టర్‌తో కబుర్లే. ఎక్కడి నుంచి వస్తున్నారని అతను అడగడం ఆలస్యం, లండన్ బస్సు వంగిన సంగతి చెప్పేసింది. గుంటూరు బస్టాండ్‌లో దిగేటప్పుడు అతనే ముందు దిగి, "మన బస్సు వంగదు పెద్దమ్మా, నా భుజం పట్టుకోండి" అన్నాడు.