జూమ్ లేని లెన్స్‌తో నాలుగేళ్లు

ఈ 50 ఎంఎం, ఎఫ్ 1.8 (లెన్స్ నోరు ఎంత తెరుచుకుంటుందో చెప్పే అంకె, చిన్నదైతే ఎక్కువ తెరుచుకున్నట్టు) లెన్స్‌ని తిరుపతిలోనే సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. కొన్న వారానికే అమ్మేద్దామనుకున్నాను. నాది క్రాప్ సెన్సర్ కెమెరా, అంటే లోపలి సెన్సర్ చిన్నది, దాని మీద 50 కాస్తా 80 లాగా పనిచేస్తుంది, దృశ్యం ఇరుకైపోతుంది. చంద్రగిరి కోటకు తీసుకుపోతే రాజమహల్ ఫ్రేములో పట్టలేదు. ఎంత వెనక్కి నడిచినా ఏదో ఒక కొస తెగిపోతోంది. విసుగొచ్చి మహల్‌ని వదిలేసి ఒక్క తోరణం, దాని కింద నీడలో కూర్చున్న ముసలాయన, అంతే తీశాను. ఆరోజు ఫోటోల్లో ఇప్పటికీ దాచుకున్నది అదొక్కటే.

కెమెరాతోపాటు వచ్చిన జూమ్ లెన్స్, అదే కిట్ లెన్స్ ఉన్నప్పుడు నిలబడ్డచోటే నిలబడి రింగు తిప్పేవాణ్ణి. దీంతో కాళ్లు కదపక తప్పదు. మనిషికి దగ్గరగా వెళ్తే వెనకున్న శేషాచలం కొండ చిన్నదైపోతుంది, దూరం జరిగితే అదే కొండ ఆయన భుజాల మీదికి వచ్చి నిలుస్తుంది. నిలబడ్డచోటు మారకుండా జూమ్ ఎంత తిప్పినా ఈ తేడా రాదు. ఫ్రేమును అడ్డంగా, నిలువుగా మూడేసి భాగాలు చేసి ముఖ్యమైనదాన్ని ఆ గీతల మీద పెట్టమనే రూల్ ఆఫ్ థర్డ్స్ అందరూ చెప్పేదే. ఆ గీతల గ్రిడ్ ఆన్ చేసుకుంటే ఫోటో వంకర పోదు, నాకు దానివల్ల ఒరిగింది అంతవరకే.

కొత్తలో అన్నిటికీ 1.8 పెట్టేసేవాణ్ణి, వెనకంతా బ్లర్ అవుతుందన్న మోజు. రెండడుగుల దూరంలో ఫోకస్‌లో ఉండేది సుమారు సెంటీమీటరు మందమే. మా అవ్వకు అలా తీసి చూపిస్తే, "నా ముక్కు ఒక్కటే తీసినావేందిరా?" అంది. ఇప్పుడు 2.8 పెట్టి, ఫోకస్ పాయింట్ దగ్గరి కంటి మీద ఉంచుతాను. గ్రూప్ ఫోటో అయితే 5.6కు తగ్గను.

1.8 నిజంగా ఆదుకున్నది మే నెలలో, భక్తులు రకరకాల వేషాలు కట్టే తిరుపతి గంగమ్మ జాతరలో. కిట్ లెన్స్ జూమ్ 55 ఎంఎం దగ్గర ఎఫ్ 5.6 మాత్రమే ఇస్తుంది, దాంతో పోలిస్తే ఇది దాదాపు పది రెట్లు వెలుతురు తీసుకుంటుంది. చేతి వణుకును సర్దే స్టెబిలైజేషన్ లేదు కాబట్టి షట్టర్ వేగం 1/125 సెకను కంటే తగ్గించను. అక్కడే ఇంకోటి తెలిసింది. ఒళ్లంతా బొగ్గు పూసుకున్న తోటి వేషాన్ని తీస్తే నలుపు కాస్తా బూడిదరంగులో వచ్చింది. తెల్లటి బైరాగి వేషమేమో మసిబారినట్టు వచ్చింది. కెమెరాలో వెలుతురు కొలిచే మీటరుకు నలుపైనా తెలుపైనా మధ్యరకం బూడిదరంగులోకి తేవాలనే ఉంటుంది. నలుపుకు ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ తగ్గించాలి, అంటే వెలుతురు సగం చేయాలి, తెలుపుకు ఒకటి పెంచాలి, అంటే రెట్టింపు చేయాలి.

లోపాలూ ఉన్నాయి. మసక వెలుతురులో ఫోకస్ దొరక్క ముందుకీ వెనక్కీ కొట్టుకుంటుంది, ఈలోగా వేషం వెళ్లిపోతుంది. ఎదురెండలో ఫోటో పాలిపోతుంది, హుడ్ తగిలించాల్సిందే. రెండో జాతర తర్వాత రింగులో దుమ్ము చేరి తిప్పితే కరకరమంటోంది. ఇరుకు ఇళ్లలో సీమంతాలు, పుట్టినరోజులు తీసేవాళ్లు మాత్రం కిట్ లెన్స్ అమ్ముకోవద్దు. నేను అమ్ముకుని, మళ్లీ కొన్నాను.