‘రోమన్ వడిసెల సెట్’: తాడు నాసి, గోళీలు దండగ

ప్యాకెట్ మీద రోమన్ సైనికుడి బొమ్మ, లోపల ఒక వడిసెల (రాయి పెట్టి గిరగిరా తిప్పి విసిరే తాడు), గుప్పెడు గాజు గోళీలు. ఆన్‌లైన్‌లో దీనికి ఐదొందలు పెట్టాను. మా ధర్మాబాద్ చుట్టుపక్కల జొన్నచేలల్లో మంచె ఎక్కి పిట్టల్ని తోలేవాళ్ల చేతిలో ఉండేదే కదా, పాతకాలం సైన్యాలు వాడిన పద్ధతిలో చేశామంటున్నారు, చూద్దామని తెప్పించాను.

తాడు నైలాన్‌ది. గిరగిరా తిప్పుతుంటే ఉచ్చు వేలిని కోసేస్తుంది, వదలాల్సిన రెండో కొసకు ముడి కూడా లేదు కాబట్టి ఎప్పుడు వదిలామో చేతికి తెలియదు, ఎదురుగా పోవాల్సింది కాస్తా పక్కవాళ్ల చేలో పడుతుంది. రాయి పెట్టే తోలు బిర్రుగా ఉంది, గోళీ అందులో కుదురుకోదు.

అసలు కోపం ఆ గోళీల మీదే. క్రీ.పూ. 401లో గ్రీకు కిరాయి సైన్యం పర్షియా నుంచి తిరిగి వస్తుంటే శత్రువులు బాణాలు, వడిసెలలతో దూరం నుంచే సతాయించారు. అప్పుడు ఆ సైన్యం నాయకుల్లో ఒకడైన జెనోఫోన్ తమలో ఉన్న రోడ్స్ అనే గ్రీకు దీవి వాళ్లను ఏరి, రెండు వందల మందితో వడిసెల దళం కట్టాడు. పర్షియన్లవి గుప్పిటంత రాళ్లు, వీళ్లవి చిన్న సీసపు గుళ్లు, ఇవి రెట్టింపు దూరం పోయేవి. చిన్నగా ఉన్నా బరువుండాలి, అదీ కిటుకు. బాదం గింజలా పోతపోసిన అలాంటి గుళ్లలో కొన్నిటి మీద గ్రీకులు ‘ఇదిగో పట్టు’ అని అక్షరాలు కూడా వేశారు, ఏం వెటకారమో! ఈ సెట్‌లోవి మాత్రం పిల్లలాడుకునే గోళీలు, గాలికే పక్కకు పోతాయి.

సెట్ అన్నాక ఒకటే పొడవా? పాతకాలంలో వడిసెలకు పేరుపడ్డ బలియారిక్ దీవుల (స్పెయిన్ దగ్గరివి) వాళ్లు దూరానికి, దగ్గరకు, మధ్యస్థానికి వేర్వేరుగా మూడు వడిసెలలు వెంట ఉంచుకునేవాళ్లు.

ఇక లోపలి కాగితంలో నలుగురు భుజం భుజం కలిపి నిలబడి విసురుతున్న బొమ్మ వేశారు. తలలు పగులుతాయి! తిప్పడానికి చోటు కావాలి కాబట్టే తేలికపాటి దళాలు ఎడంఎడంగా నిలబడేవి, విసిరి వెనక్కి పరిగెత్తేవి, బరువైన డాళ్లు మోసే కాల్బలం వాళ్లను అందుకోలేకపోయేది. క్రీ.పూ. 390లో గ్రీసులోని లెకైయన్ రేవు దగ్గర ఏథెన్స్ సేనాని ఇఫిక్రటీస్ మనుషులు ఈటెలతో ఇదే ఆట ఆడి, దాదాపు ఆరు వందల మంది ఉన్న స్పార్టన్ కాల్బలంలో రెండు వందల యాభై మంది దాకా చంపారు.

ఐదుకు ఒకటిన్నర. సంతలో పగ్గాలు, ముకుతాళ్లు అమ్మే పెద్దాయన జనపనారతో అల్లిచ్చేది దీనికంటే చవక, గుంట మెత్తగా రాయిని పట్టుకుంటుంది, పొడవు మీ చేతిని చూసి కడతాడు. “గుండ్రాళ్లు ఏరుకో బిడ్డా, అన్నీ ఒక్క తూకం ఉండాలె” అని ఉచిత సలహా కూడా ఇస్తాడు. రిటర్న్ పెడితే ప్యాకెట్ విప్పారు కాబట్టి కుదరదన్నారు.