మంచం మీద చదివిన సీక్రెట్ ప్రాజెక్ట్స్: శాండర్సన్ నాలుగు నవలల ఈబుక్ సెట్

2022 డిసెంబరు చివర్లో మెట్ల మీద జారి పడి కుడికాలి ఎముక విరిగింది. ఆపరేషన్ చేసి లోపల రాడ్ వేశారు, కాలు కింద మోపొద్దన్నారు, ఏప్రిల్ దాకా దాదాపు ఇంట్లోనే ఉన్నాను, అందులో మొదటి నెలన్నర పూర్తిగా మంచమే. ఆ రోజుల్లో నాకు తోడున్న ఒక ఈబుక్ సెట్ గురించి రాస్తున్నాను. అమెరికన్ ఫాంటసీ రచయిత బ్రాండన్ శాండర్సన్ రాసిన నాలుగు నవలలు, కొత్త పనులకు జనం ముందే డబ్బు కట్టే కిక్‌స్టార్టర్ అనే వెబ్‌సైట్‌లో తీసుకున్నవి. పుస్తకాలు ఎలా ఉన్నాయో చెప్తాను, కానీ అంతకంటే ముఖ్యంగా చెప్పాలనుకుంటున్నది ఒకటుంది. రాబోయే పుస్తకం ఎంతవరకు వచ్చిందో దాచకుండా చెప్పే రచయిత ఉంటే, ఇంట్లో ఇరుక్కుపోయిన మనిషికి అది నిజంగా పెద్ద ఆసరా.

తెలియని వాళ్ల కోసం కాస్త వెనక్కి వెళ్తాను. 2022 మార్చి 1న ఆయన యూట్యూబ్‌లో ఒక వీడియో పెట్టారు. మొదట చూస్తే ఏదో చెడ్డ వార్త చెప్పబోతున్నట్టు ఉంటుంది. తీరా విషయం ఏమిటంటే, కోవిడ్ కాలంలో ప్రయాణాలన్నీ ఆగిపోయాయి కాబట్టి మిగిలిన సమయంలో ఎవరికీ చెప్పకుండా అదనంగా నవలలు రాసేశారట, సీక్రెట్ ప్రాజెక్ట్స్ అనే పేరుతో వాటిలో నాలుగింటిని 2023లో మూడు నెలలకొకటి చొప్పున ఇస్తారట. పెట్టుకున్న లక్ష్యం 10 లక్షల డాలర్లు, అది గంట కూడా పట్టకుండా దాటిపోయింది, నెల తిరిగేసరికి 1,85,341 మంది కలిసి 4 కోట్ల 17 లక్షల డాలర్ల పైచిలుకు కట్టారు. నేను తీసుకుంది అన్నిటికంటే చిన్నది, 40 డాలర్లకు నాలుగు ఈబుక్స్. ఆడియో కూడా కావాలంటే 60, అట్ట పుస్తకాలు కావాలంటే 160. కట్టేసి మర్చిపోయాను.

2023 జనవరి 1న మెయిల్ వచ్చింది, మొదటి పుస్తకం రెడీ, దింపుకోండి అని. కాలు రెండు దిండ్ల మీద ఉంది, వెల్లకిలా తప్ప పడుకోవడానికి లేదు. అలా పడుకుని అట్ట పుస్తకం పట్టుకుంటే పది నిమిషాలకే మణికట్లు లాగేస్తాయి, ఫోన్‌లో చదివితే కళ్లు మండుతున్నాయి, నిద్రమత్తులో అది ఒకసారి ముఖం మీద పడింది కూడా. చివరికి కాగితంలా కనిపించే నలుపు తెలుపు తెర ఉన్న ఈ-ఇంక్ రీడర్‌లో వేసుకుని చదివాను. వచ్చింది మామూలు ఈపబ్ ఫైలు, లాగిన్ల గొడవ లేకుండా నేరుగా మన చేతికే ఇచ్చారు, అది నాకు చాలా నచ్చింది. అక్షరాలు పెద్దవి చేసుకుని, ఒక చేత్తో పట్టుకుని, బొటనవేలితో పేజీ తిప్పుకుంటూ చదవొచ్చు. ఒకే ఒక్క లోటు, పుస్తకంలో హోవర్డ్ లయన్ వేసిన రంగుల బొమ్మలు ఆ తెర మీద బూడిద రంగులో కనిపిస్తాయి, అవి మాత్రం టాబ్లెట్‌లో విడిగా తెరిచి చూడండి, ఆకుపచ్చ సముద్రం బొమ్మ నలుపు తెలుపులో చూస్తే ఏం లాభం.

మొదటి పుస్తకం పేరు ట్రెస్ ఆఫ్ ది ఎమరాల్డ్ సీ. ట్రెస్ అనే అమ్మాయి ఒక రాతి దీవిలో ఉంటుంది, కిటికీలు తుడుస్తుంది, కప్పులు పోగు చేసుకుంటుంది. ఆ దీవిలో పుట్టిన వాళ్లు దీవి దాటి పోవడానికి వీల్లేదు, అది రాజాజ్ఞ. అక్కడ సముద్రం అంటే నీళ్లు కాదు. ఆకాశంలో పన్నెండు చందమామలుంటాయి, ఒక్కో చందమామ నుంచి ఒక్కో రంగు పొడి కింద రాలుతూ ఉంటుంది, సముద్రం అంటే ఆ పొడే. అడుగు నుంచి గాలి పైకి పొంగుతుంటే పొడి నీళ్లలాగా కదులుతుంది, ఓడలు దాని మీద నడుస్తాయి. గాలి ఆగిందా, ఓడ ఎక్కడున్నది అక్కడే దిగబడిపోతుంది, మళ్లీ పొంగేదాకా ఎదురుచూడటం తప్ప దారి లేదు. ఎంతసేపు ఆగుతుందో ఎవరికీ తెలియదు. ఆకుపచ్చ పొడికి చెమట చుక్క తగిలినా చాలు, తీగలు ఒక్కసారిగా పుట్టుకొచ్చేస్తాయి. ఓడ ఆగిపోయే ఆ పేజీలు కాలు కదపలేని స్థితిలో చదువుతుంటే నాకు ఎలా అనిపించిందో మాటల్లో చెప్పలేను. డాక్టర్‌ని ఎప్పుడు నడుస్తానని అడిగితే ఎక్స్‌రే చూశాకే చెప్తానన్న రోజది.

ఈ కథ పుట్టిన తీరు కూడా చెప్పాలి. శాండర్సన్, ఆయన భార్య కలిసి ఒక పాత సినిమా చూశారట, ప్రేమించినవాడు కనిపించకుండా పోతే కథానాయిక తనే వెతుక్కుంటూ ఎందుకు వెళ్లకూడదని భార్య అడిగారట. ఆ ప్రశ్నకు జవాబుగా, అచ్చులో వేసే ఆలోచన లేకుండా, ఆమెకు కానుకగా రాశారు. చదువుతుంటే అది తెలుస్తూనే ఉంటుంది, మొత్తం ఒక మనిషి ఎదురుగా కూర్చుని చెప్తున్నట్టే సాగుతుంది.

అందుకేనేమో నేను కూడా చెప్పడం మొదలుపెట్టాను. ఆ రోజుల్లో మా అక్క కూతురు స్కూల్ నుంచి వచ్చి నా మంచం పక్కన కూర్చునేది, పదకొండేళ్లు దానికి, ఈ ఇంగ్లిష్ ఇంకా కష్టం. పగలు నేను చదివింది సాయంత్రం దానికి తెలుగులో చెప్పేదాన్ని. అధ్యాయాలు చిన్నవి, రెండు మూడు కలిపితే ఒక పూటకి సరిపోయేది. ట్రెస్ దీవి వదిలి వెళ్లిపోయే చోట నేను మంచి ఊపులో ఉంటే అది ఆపేసి, “పిన్నీ, మరి ఇంట్లో ఆ కప్పులన్నీ ఎవరు చూసుకుంటారు?” అంది. నేను ఆ సంగతి ఆలోచించనేలేదు. వెనక్కి వెళ్లి ఆ అధ్యాయం మళ్లీ చదివాను. నొప్పి మాత్రల మత్తులో ఒకే పేజీ మూడుసార్లు చదివిన రోజులున్నాయి, కానీ సాయంత్రం దానికి కథ బాకీ ఉందని గుర్తొస్తే బుర్ర తేటపడేది.

జనవరి నెలాఖరుకి ట్రెస్ అయిపోయింది. రెండోది ఏప్రిల్‌లో. అసలు కష్టం అప్పుడు మొదలైంది, ఇంట్లో చిక్కుకుపోయిన వాళ్లకి తెలుస్తుంది, మంచి పుస్తకం అయిపోయిన మర్నాడు ఎంత ఖాళీగా ఉంటుందో. అప్పుడే ఆయన వెబ్‌సైట్‌కి రోజూ వెళ్లడం అలవాటైంది. మొదటి పేజీలోనే, ప్రస్తుతం రాస్తున్న పుస్తకాలు ఎంత శాతం అయ్యాయో గీతలు ఉంటాయి. ఏది మొదటి ప్రతిలో ఉంది, ఏది దిద్దుబాటులో ఉంది, అన్నీ కనిపిస్తాయి. ఆ నెలల్లో స్టార్మ్‌లైట్ అనే తన పెద్ద ఫాంటసీ సిరీస్‌లో అయిదో పుస్తకం రాస్తున్నారు, ఆ గీత ఒక వారం కాస్త జరిగేది, ఇంకో వారం అక్కడే ఉండేది. ఇదే సమయంలో నాకు ఫిజియోథెరపీ మొదలైంది, ఫిజియోథెరపిస్ట్ వచ్చి మోకాలు ఎన్ని డిగ్రీలు వంగుతోందో కొలిచి రాసేవారు. ఒకరోజు మా అక్క కూతురు చార్ట్ పేపర్ తెచ్చి రెండు గీతలు గీసి గోడకి అంటించింది, పైన ఆయన పుస్తకం, కింద నా మోకాలు. 40, 55, 70. ఆదివారం ఆదివారం రంగు నింపేది. ఫిబ్రవరిలో రెండు వారాలు నా గీత కదల్లేదు, ఏడుపొచ్చింది. “ఆయనది కూడా కదల్లేదు కదా పిన్నీ” అంది అది.

ఇదంతా రివ్యూలో ఎందుకంటే, నా దృష్టిలో ఇది కూడా ఆయన పాఠకులకి ఇస్తున్న సర్వీసే. ఫాంటసీ సిరీస్‌లు చదివేవాళ్లకి ఉన్న అతి పెద్ద భయం తర్వాతి పుస్తకం వస్తుందో రాదో అన్నదే. అసలు శాండర్సన్ చాలామందికి తెలిసిందే అలాంటి చోట, 2007లో రచయిత రాబర్ట్ జోర్డన్ చనిపోయాక మిగిలిపోయిన వీల్ ఆఫ్ టైమ్ అనే ఫాంటసీ సిరీస్‌ని ఈయన పూర్తి చేశారు, చివరి పుస్తకం 2013లో వచ్చింది. శాండర్సన్ ఏటా డిసెంబరులో స్టేట్ ఆఫ్ ది శాండర్సన్ అని ఒక పెద్ద ఉత్తరం రాస్తారు, ఆ ఏడు ఏం రాశారు, వచ్చే ఏడు ఏం వస్తుంది, ఏది వెనక్కి పోయింది, ఎందుకు పోయింది, అన్నీ ఉంటాయి. 2022 ఉత్తరంలో అయితే ఆడియోబుక్ డబ్బుల్లో రచయితకి దక్కే వాటా ఎంత తక్కువో అంకెలతో సహా రాసి, అందుకే ఈ నాలుగు ఆడియోలు ఆడియోబుక్స్ అమ్మే ఆడిబుల్‌లో పెట్టట్లేదని చెప్పారు. పాఠకుడిని నమ్మి లెక్క చెప్పే పద్ధతి అది, నాకు గౌరవం కలిగింది.

సరే, రెండో పుస్తకం, ది ఫ్రూగల్ విజర్డ్స్ హ్యాండ్‌బుక్. నాలుగింటిలో బలహీనమైనది ఇదే. ఒకతను మధ్యయుగాల ఇంగ్లండ్ లాంటి చోట కళ్లు తెరుస్తాడు, తనెవరో గుర్తుండదు, చేతిలో సగం కాలిన గైడు పుస్తకం. మధ్యమధ్యలో ఆ గైడు పేజీలు, ప్రకటనలు వస్తాయి, మొదట బాగుంటాయి, తర్వాత కథకి అడ్డం పడతాయి. అతని గతం బయటపడే చివరి భాగం మాత్రం బాగుంది. దీని కోసం రెండు నెలలు ఎదురుచూశాను కాబట్టి నిరాశ కాస్త ఎక్కువే అయింది, దాచను. అప్పటికి చేతికర్ర పట్టుకుని వరండా దాకా నడుస్తున్నాను, అక్కడ కుర్చీలో కూర్చుని పూర్తిచేశాను.

మూడోది జులైలో వచ్చింది, యుమి అండ్ ది నైట్‌మేర్ పెయింటర్. నన్నడిగితే నాలుగింటిలో మేటి ఇదే. యుమి పని రాళ్లను ఒకదాని మీద ఒకటి నిలబెట్టడం, ఆ పేర్పు చూడటానికి ఆత్మలు దిగి వస్తాయి. ఇంకో లోకంలో ఒక కుర్రాడు, చీకట్లోంచి వచ్చే పీడకలలకి బొమ్మ గీసి వాటిని కట్టడి చేసే ఉద్యోగం అతనిది. వీళ్లిద్దరి బతుకులు ఒకదాంట్లో ఒకటి చిక్కుకుంటాయి, రోజు మార్చి రోజు ఒకళ్ల బతుకు ఇంకొకళ్లు బతకాలి. యుమి రాళ్లు పేర్చే మొదటి దృశ్యంలో పెద్దగా ఏమీ జరగదు. ఒక రాయి తీసుకుంటుంది, బరువు చూస్తుంది, ఎక్కడ నిలుస్తుందో వెతుకుతుంది, వేళ్లు కందిపోతున్నా ఆపదు. అది చదివేటప్పటికి నేను కర్ర లేకుండా నడవడం నేర్చుకుంటున్నాను, మడమ ముందు మోపి, బరువు మెల్లగా వేళ్ల మీదికి తెచ్చి. ఈ ఒక్క పుస్తకం కోసమైనా 40 డాలర్లు పెట్టొచ్చు అనిపించింది. అలియా చెన్ బొమ్మలు కూడా అద్భుతం, ఇవీ రంగుల్లోనే చూడాలి.

నాలుగోది ది సన్‌లిట్ మ్యాన్, అక్టోబరు. సూర్యోదయం తగిలితే నేల కరిగిపోయే లోకం, అందుకే మనుషులు ఊళ్లకి ఊళ్లని గాల్లో లేపి సూర్యుడికి ముందు పరుగెత్తుతుంటారు. వేగంగా చదివిస్తుంది. కానీ శాండర్సన్‌ని కొత్తగా చదివేవాళ్లు దీంతో మొదలుపెట్టకండి, ముఖ్యంగా స్టార్మ్‌లైట్ చదవకపోతే కథానాయకుడు ఎందుకు అంత కుంగిపోయి ఉన్నాడో సగమే అర్థమవుతుంది. ట్రెస్‌తో మొదలుపెట్టండి, తర్వాత యుమి.

ఆ కిక్‌స్టార్టర్ ధర ఇప్పుడు దొరకదు, అది అప్పుడే ముగిసింది, నాలుగూ విడివిడిగా కొనుక్కోవాలి. నేను యుమి మాత్రం తర్వాత అట్ట పుస్తకంగా తెప్పించుకున్నాను, అమ్మినవాళ్లు పల్చటి కవరులో పెట్టి పంపారు, ఒక మూల నలిగి వచ్చింది, మార్చమంటే పదిహేను రోజులు మెయిల్స్ నడిచాయి. మంచి అట్ట పుస్తకం కొనేవాళ్లు ప్యాకింగ్ గురించి ముందే అడగండి.

స్టార్మ్‌లైట్ అయిదో పుస్తకం విండ్ అండ్ ట్రూత్ 2024 డిసెంబరు 6న వచ్చింది, పదమూడు వందల పేజీలకు పైనే. మా గోడ మీది చార్ట్‌లో పైగీత అది. మొదటిది 2010లో, అయిదోది 2024లో, మొత్తం పది రాస్తానన్నారు కాబట్టి మిగతా అయిదింటికి చాలా ఏళ్లు పడుతుంది. ఈలోగా మిస్ట్‌బార్న్ అనే ఆయన ఇంకో సిరీస్ లోకంలో గోస్ట్‌బ్లడ్స్ అని మూడు పుస్తకాలు, మూడూ రాయడం అయ్యాకే మొదటిది విడుదల చేస్తామన్నారు. నేను సంతోషంగా ఆగుతాను, ఎంతవరకు వచ్చిందో చూసుకోవచ్చు కదా.

మా అక్క కూతురు ఇప్పుడు ఇంగ్లిష్ బాగానే చదువుతోంది. మొన్న సెలవుల్లో వచ్చి ఆ మూల నలిగిన యుమి తీసుకుని కిటికీ దగ్గర కూర్చుంది. ఎక్కడిదాకా వచ్చావే అని అడిగి, ముందు ఏం జరుగుతుందో కాస్త చెప్పబోయాను. పుస్తకంలోంచి తల ఎత్తకుండానే చెయ్యి అడ్డం పెట్టింది. “చెప్పకు పిన్నీ, నేనే చదువుకుంటా.”