ఆరు గేమ్‌లూ పూర్తిగా ఆడాక: 2024 గేమ్ అవార్డుల నామినీలపై నా అభిప్రాయం

2024 డిసెంబర్ 12న, వీడియో గేమ్‌లకు ఏటా ఇచ్చే ‘ది గేమ్ అవార్డ్స్’ వేదిక మీద గేమ్ ఆఫ్ ది ఇయర్‌గా ఆస్ట్రో బాట్ పేరు చదివేసరికి, నామినేషన్ దక్కిన ఆరింటిలో నేను పూర్తి చేసినవి రెండే: బలాట్రో, ఫైనల్ ఫాంటసీ 7 రీబర్త్. అయినా ఆ రోజు నాకు కోపం వచ్చింది. పదిహేను గంటల్లో అయిపోయే బుజ్జి రోబో గేమ్, వంద గంటల గేమ్‌లను దాటి ఎలా గెలుస్తుందని స్నేహితులతో గట్టిగా వాదించాను. ఆడకుండా వాదించడం సరికాదని తర్వాత అనిపించింది. అందుకే మిగతా నాలుగూ (ఆస్ట్రో బాట్, మెటాఫర్ రీఫాంటాజియో, బ్లాక్ మిత్ వుకాంగ్, ఎల్డెన్ రింగ్ షాడో ఆఫ్ ది ఎర్డ్‌ట్రీ) ఒక్కొక్కటిగా తీసుకుని, తొందరపడకుండా చివరిదాకా ఆడాను. మెటాఫర్‌ని రెండోసారి కూడా మొదలుపెట్టాను. ఇన్ని నెలలు ఆడాక మనసులో ఏది మిగిలిందో, ఏది జారిపోయిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఈ అవార్డులో 90 శాతం బరువు జ్యూరీ ఓటుది, 10 శాతం ప్రజల ఓటుది. జ్యూరీలో వందకు పైగా మీడియా సంస్థలు ఉంటాయి. నామినేషన్లు నవంబర్‌లోనే తేలిపోతాయి. మెటాఫర్ వచ్చింది అక్టోబర్ 11న. ఎనభై గంటల గేమ్‌కి ఆ కాస్త సమయం ఏం సరిపోతుంది? ఒక గేమ్‌ని ఆడేసిన వారానికి ఉండే అభిప్రాయం వేరు, ఏడాది తర్వాత ఉండేది వేరు. నా విషయంలో ఆ తేడా చాలా పెద్దది.

ముందు ఎల్డెన్ రింగ్ షాడో ఆఫ్ ది ఎర్డ్‌ట్రీ గురించి. దీని మీద నా మాట అప్పుడూ ఇప్పుడూ ఒకటే. గొప్ప పని, కానీ ఈ జాబితాలో ఉండాల్సింది కాదు. ఇది డీఎల్‌సీ, అంటే పాత గేమ్‌కి విడిగా అమ్మే అదనపు భాగం. అసలు గేమ్ కొనాలి, అందులో రడాన్, మోగ్ అనే ఇద్దరు బాస్‌లను (పెద్ద శత్రువులను) ఓడించాలి, అప్పుడే ఇందులోకి దారి తెరుచుకుంటుంది. ఆ అసలు గేమ్‌కి 2022లోనే గేమ్ ఆఫ్ ది ఇయర్ ఇచ్చేశారు. డీఎల్‌సీలు, రీమేక్‌లు కూడా పోటీకి అర్హమేనని నిర్వాహకులు స్పష్టంగా చెప్పారు కాబట్టి నియమం ప్రకారం తప్పు లేదు. నాకు అభ్యంతరం ఆ నియమం మీదే. ఆటగా చూస్తే మాత్రం నాకు చాలా ఇష్టం. స్కాడుట్రీ ముక్కలు వెతికి ఏరుకుంటేనే బలం పెరిగే పద్ధతి వల్ల, మామూలుగా వదిలేసే మూలలన్నీ తిరిగాను. చివరి బాస్‌ని సెప్టెంబర్ 2024 అప్‌డేట్‌లో కొంచెం తగ్గించారు. నేను దాని తర్వాతే ఆడాను, అయినా మూడు సాయంత్రాలు పట్టింది.

ఆ ఆరో కుర్చీ నా చేతిలో ఉంటే యానిమల్ వెల్‌కి ఇచ్చేవాణ్ని. బిల్లీ బాసో అనే ఒకే ఒక్క మనిషి, సొంత ఇంజిన్ రాసుకుని, ఏడేళ్ళు కూర్చుని చేసిన గేమ్. సైజు 40 ఎంబీ కూడా ఉండదు. అందులో కత్తి లేదు, తుపాకీ లేదు. బుడగలు ఊదే పుల్ల, యోయో, ఫ్రిస్బీ, ఇవే ఆయుధాలు. ఊదిన బుడగ మీద నిలబడి పైకి వెళ్ళవచ్చని నాకు ఎవరూ చెప్పలేదు, గేమ్ కూడా చెప్పలేదు. అది నాకై నేను కనిపెట్టిన క్షణం ఇప్పటికీ గుర్తుంది. ఇండీ (చిన్న స్వతంత్ర గేమ్‌ల) విభాగంలో నామినేషన్ ఇచ్చి సరిపెట్టారు.

బ్లాక్ మిత్ వుకాంగ్ మొదలుపెట్టినప్పుడు నోరెళ్ళబెట్టి చూశాను. 16వ శతాబ్దపు చైనా నవలలోని వానరవీరుడి కథ నుంచి పుట్టిన గేమ్ ఇది. మూడు రోజుల్లో కోటి కాపీలు అమ్ముడైంది, పూర్తిగా ఆటగాళ్ళ ఓటుతో ఇచ్చే ప్లేయర్స్ వాయిస్ అవార్డు కూడా గెలిచింది. ఆ అభిమానం ఎందుకో మొదటి బాస్ ఫైట్ దగ్గరే అర్థమవుతుంది. శత్రువుని మంత్రంతో ఉన్నచోటే బిగదీసి, కర్రతో నాలుగు దెబ్బలు కొట్టి, వాడు కదిలేలోపు వెనక్కి దూకడం చేతికి ఎంత హాయిగా ఉంటుందో మాటల్లో చెప్పడం కష్టం. ఒక్కో అధ్యాయం చివర ఒక్కో శైలిలో చేసిన యానిమేషన్ వస్తుంది. వాటిని ఒక్కసారి కూడా స్కిప్ చేయలేదు. రెండో అధ్యాయంలో తల లేని సన్యాసి ఒకడు మూడు తీగల వాద్యం మీటుతూ పాడతాడు. నేను అక్కడే ఆగి పాట అయిపోయేదాకా విన్నాను.

కానీ బాస్‌కీ బాస్‌కీ మధ్య? దారి ఉన్నట్టే కనిపిస్తుంది, వెళ్తే కనిపించని గోడ అడ్డం తగులుతుంది. పక్కనే ఉన్న మరో బండ మీదకి మాత్రం ఎక్కనిస్తుంది. దేన్ని నమ్మాలో తెలియదు. నేను మూడో అధ్యాయంలో మంచు మీద గంటలకొద్దీ తిరిగాను. ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే నాకు గుర్తున్నవి యుద్ధాలు, ఆ పాట. ఊళ్ళు, దారులు, మనుషులు గుర్తు లేవు. ఉత్తమ యాక్షన్ గేమ్ అవార్డు దీనికి ఇవ్వడం నూటికి నూరు పాళ్ళు న్యాయం. అంతకంటే పైది ఇవ్వలేను.

ఇక రీబర్త్. దీని గురించి రాయడం నాకు కష్టం, ఎందుకంటే ఆరింటిలోనూ నేను ఎక్కువగా ప్రేమించింది దీన్నే. 1997 నాటి గేమ్‌ని మూడు భాగాలుగా మళ్ళీ కడుతున్నారు, ఇది రెండోది. క్లౌడ్, టీఫా, ఏరిత్, బారెట్ కలిసి రోడ్డున పడ్డాక ఒకళ్ళనొకళ్ళు ఆటపట్టించుకోవడం, అలగడం, అర్ధరాత్రి గుసగుసలు... వాళ్ళతో ప్రయాణం చేస్తున్నట్టే ఉంటుంది. సంగీతం అవార్డు దీనికే వచ్చింది. అందులో ఎవరికైనా సందేహం ఉంటే కాస్మో కాన్యన్‌లో మొదటి సాయంత్రం హెడ్‌ఫోన్స్ పెట్టుకుని నడవమంటాను. యుద్ధం కూడా అద్భుతం. పరుగెడుతూ కొడుతూనే, కావాలన్నప్పుడు కాలాన్ని దాదాపు ఆపేసి ఏ మంత్రం వేయాలో ఎంచుకునే పద్ధతి ఇంతకంటే బాగా ఎవరూ చేయలేదు.

మరి సమస్య ఏమిటంటే, ఇది ఆడేవాడి సమయానికి విలువ ఇవ్వదు. కొత్త ప్రాంతానికి వెళ్ళగానే మళ్ళీ టవర్ ఎక్కు, మళ్ళీ స్ఫటికం స్కాన్ చెయ్యి, మళ్ళీ చాడ్లీ అనే కుర్రాడి ఫోన్. ఆరు ప్రాంతాల్లోనూ అదే చిట్టా. జూనాన్‌లో చోకోబో (మనం ఎక్కి తిరిగే పెద్ద పక్షి) గోడలెక్కుతుంది, గొంగాగాలో పుట్టగొడుగుల మీద గెంతుతుంది, కాస్మో కాన్యన్‌లో గాల్లో తేలుతుంది. ఇంత బాగా ఆలోచించిన వాళ్ళే అవే పనుల్ని ఆరుసార్లు చేయిస్తారు. షిన్రా భవనం నేలమాళిగలో కెయిట్ సిత్ అనే పిల్లి పాత్రతో పెట్టెలు మోయించి విసిరించే భాగం ఉంది. కథ సరిగ్గా బిగుసుకుంటున్న చోట దాన్ని ఎందుకు పెట్టారో ఈ రోజుకీ నాకు అర్థం కాలేదు. రెండోసారి ఆడదామని ఎన్నోసార్లు అనుకున్నాను. ఆ పెట్టెలు గుర్తొచ్చి ప్రతిసారీ ఆగిపోయాను.

ఒక్క మినీగేమ్‌ని మాత్రం వదలను, క్వీన్స్ బ్లడ్. మూడు వరసలు, ఐదు నిలువు గళ్ళు, పదిహేను ముక్కల డెక్. ఓడ మీద టోర్నమెంట్ వచ్చినప్పుడు ప్రపంచాన్ని కాపాడే పని పక్కన పెట్టి రెండు గంటలు దానికే ఇచ్చాను. దాన్ని విడిగా అమ్మినా కొంటాను.

ముక్కలంటే బలాట్రో గుర్తొస్తుంది. లోకల్‌థంక్ అనే మారుపేరుతో ఉండే ఒక కెనడా డెవలపర్ దీన్ని చేశాడు. నియమం చిన్నది. పేకముక్కలతో పోకర్ చేతులు (ముక్కల కలయికలు) కడితే చిప్స్ వస్తాయి, వాటిని మల్టిప్లయర్‌తో గుణిస్తే స్కోరు. ఆ గుణకారాన్ని వంచడానికి, పెంచడానికి, తలకిందులు చేయడానికి 150 జోకర్లు. కుడి పక్కన ఉన్న జోకర్ శక్తిని కాపీ కొట్టే బ్లూప్రింట్ చేతికొచ్చినప్పుడు గుండె వేగం పెరగని ఆటగాడు ఉండడు. ఫ్లష్‌ల (ఐదూ ఒకే గుర్తు ముక్కలు) మీదే మొత్తం కట్టుకుని హాయిగా వెళ్తుంటే, ఒకే రకం చేతిని రెండోసారి ఆడనివ్వని బాస్ ఎదురవుతాడు. అప్పుడు పుట్టే టెన్షన్ ఏ రాక్షసుడితో యుద్ధంలోనూ నాకు రాలేదు. ఇందులో డబ్బు పందెం ఏమీ లేదు. అయినా పేకాట బొమ్మలున్నాయని యూరప్‌లో దీనికి 18 ఏళ్ళ రేటింగ్ ఇచ్చారు. అప్పీలు మీద 2025 ఫిబ్రవరిలో దాన్ని 12కి తగ్గించారు. ఆ అన్యాయం సరిదిద్దినందుకు సంతోషం.

నేను ఇప్పటికి మూడు వందల గంటలు దాటాను. ఆరింటిలో నేటికీ రోజూ తెరిచే గేమ్ ఇదే. అయినా నా ఓటు దీనికి పడదు. దాన్ని ఆపాక నా దగ్గర ఏమీ మిగలదు. ఆడుతున్నంతసేపూ అంతకు మించింది లేదు, ఆపేశాక ఒక్క ఆట కూడా కథలా చెప్పలేను. ఇది లోపం కాదు, దాని స్వభావం అంతే.

ఆస్ట్రో బాట్ దగ్గర నా మనసు పూర్తిగా మారింది. కథ అంటూ పెద్దగా లేదు. ప్లేస్టేషన్ 5 ఆకారంలో ఉన్న ఓడ పాడై ఎడారి గ్రహం మీద పడుతుంది, విడిభాగాలనూ చెల్లాచెదురైన 300 బాట్‌లనూ తిరిగి తేవాలి. అంతే. కానీ ఎనభైకి పైగా ఉన్న లెవెళ్ళలో, కొత్త సంగతి లేకుండా మూడు నిమిషాలు గడిచిన చోటు నాకు కనిపించలేదు. ఒక లెవెల్‌లో బటన్ నొక్కితే ఆస్ట్రో చీమంత అయిపోతాడు. ఇందాక పట్టించుకోకుండా దాటిపోయిన చిన్న సందు ఇప్పుడు గుమ్మమంత కనిపిస్తుంది. మరో లెవెల్‌లో కాలం నెమ్మదిస్తుంది, మీదికి దూసుకొచ్చే వస్తువులే మెట్లవుతాయి. ఇంకొకరైతే ఈ ఒక్క ఆలోచన మీద మొత్తం గేమ్ కట్టేసేవారు. ఆస్ట్రో బాట్ దాన్ని ఒక లెవెల్‌లో ఆడించి, మనం ఇంకా కావాలనుకుంటుండగానే తీసేసుకుని, చేతిలో మరొకటి పెడుతుంది.

కంట్రోలర్ సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. గడ్డి మీద నడిస్తే ఒకలా, ఇనుము మీద నడిస్తే ఇంకోలా అరచేతికి తెలుస్తుంది. కొన్నాళ్ళకి కళ్ళు మూసుకుని కూడా ఏ నేల మీద ఉన్నానో చెప్పగలిగాను. ఒక్క దెబ్బకే ఆస్ట్రో చనిపోతాడు, కానీ మళ్ళీ మొదలయ్యే చోటు దగ్గర్లోనే ఉంటుంది కాబట్టి విసుగు రాదు. చిట్టచివరి గ్రేట్ మాస్టర్ ఛాలెంజ్ మాత్రం వేళ్ళని నిజంగా పరీక్షిస్తుంది. దాన్ని దాటాక కంట్రోలర్ పక్కన పెట్టి లేచి నిలబడ్డాను.

అవార్డు రోజున నేను వాదించింది తప్పు. గంటల లెక్కతో గేమ్‌ని కొలవకూడదని నాకు నేర్పింది రీబర్త్‌లోని ఆ టవర్లు, ఆస్ట్రోలోని ఈ లెవెళ్ళు, రెండూ కలిసి. ఈ గేమ్ గెలిచిందంటే నాకు ఇప్పుడు ఏ అభ్యంతరమూ లేదు.

అయినా నా ఓటు మెటాఫర్ రీఫాంటాజియోకే.

రాజు హత్యతో కథ మొదలవుతుంది. అంత్యక్రియల నాడు ఆకాశంలోకి ఒక పెద్ద రాతి ముఖం లేచి, ఫలానా రోజుకి ప్రజల నమ్మకం ఎవరి మీద ఎక్కువ ఉంటే వాళ్ళే రాజని ప్రకటిస్తుంది. అంటే సింహాసనానికి ఎన్నిక, అదీ రక్తసంబంధాలతో పని లేకుండా. మనం ఆడే కుర్రాడేమో అందరూ ఈసడించుకునే ఎల్డా తెగవాడు. వీధిలో నడుస్తుంటే అతన్ని చూసి జనం అనే మాటలు మొదటి గంటలోనే గుచ్చుకుంటాయి. ధైర్యం, జ్ఞానం, సహనం, వాక్చాతుర్యం, ఊహాశక్తి అనే ఐదు గుణాలు పెంచుకుంటూ, క్యాలెండర్‌లో ఒక్కో రోజుని ఆచితూచి ఖర్చు పెట్టాలి. రోజులు లెక్క ప్రకారమే ఉంటాయి కాబట్టి ఎవరితో గడపాలన్నది చిన్న నిర్ణయంగా అనిపించదు. నేను ఎక్కువ రోజులు హైస్మేకే ఇచ్చాను. గబ్బిలంలా ఉండే యోధుడు, కొడుకుని పోగొట్టుకున్న తండ్రి. అతను నవ్వడం మొదలుపెట్టేసరికి నాకు కళ్ళు చెమర్చాయి.

యుద్ధాల్లో నాకు నచ్చింది స్వేచ్ఛ. ఏ పాత్రకైనా ఏ ఆర్కిటైప్ (యుద్ధంలో పోషించే పాత్ర రకం) అయినా ఇవ్వవచ్చు. బలహీనమైన శత్రువుని దారిలోనే నాలుగు దెబ్బలతో పడేయవచ్చు, ప్రతిదానికీ వేరే యుద్ధ తెర తెరవదు. తప్పు చేస్తే బటన్ నొక్కి అదే యుద్ధం మళ్ళీ మొదలుపెట్టవచ్చు. వెనక వినిపించే యుద్ధ సంగీతంలో మంత్రోచ్చారణలా సాగే గొంతు నిజంగానే ఒక బౌద్ధ సన్యాసిది, పాడే భాష ఎస్పరాంటో. ఎనభై గంటలైనా అది నాకు మొహం మొత్తలేదు.

లోపాలు లేవనను. సైడ్ క్వెస్ట్‌ల (అసలు కథ పక్కన వచ్చే పనుల) గుహలూ గోపురాలూ ఒకదానికొకటి అచ్చుగుద్దినట్టు ఉంటాయి. దగ్గరగా చూస్తే గోడలు, నేల పాతకాలం గేమ్‌లా కనిపిస్తాయి. చివరి నెల బాగా సాగుతుంది, నేను అక్కడ రెండు వారాలు గేమ్ ముట్టుకోలేదు. ఉత్తమ కథనం, కళా దర్శకత్వం, ఆర్‌పీజీ (పాత్రను పెంచుకుంటూ ఆడే గేమ్‌లు) అవార్డులు మూడూ వచ్చాయి కాబట్టి దీన్ని పట్టించుకోలేదని అనలేను. కానీ ఎన్నిక గురించి, భయం గురించి, జనం ఒక నాయకుణ్ని ఎందుకు నమ్ముతారన్న దాని గురించి ఇంత సూటిగా మాట్లాడిన గేమ్ మిగతా ఐదింటిలో లేదు. టీవీ కట్టేశాక కూడా నేను ఆలోచిస్తూ ఉండిపోయింది దీని ఒక్కదాని గురించే.

మొదట్లో ఈ గేమ్ ఆ కుర్రాడి పేరు కాదు, ఆడుతున్న మన పేరు అడుగుతుంది. మొదటిసారి ఏదో ఒకటి కొట్టేసి ముందుకెళ్ళిపోయాను. అలా ఎందుకు అడిగారో చివరిదాకా ఆడాక తెలిసింది. రెండోసారి మొదలుపెట్టినప్పుడు అదే ప్రశ్న మళ్ళీ తెర మీదకి వచ్చింది. ఈసారి నా అసలు పేరు, ఒక్కో అక్షరం చూసుకుంటూ రాశాను.