అసియోమా డ్యూవో పెడళ్ళు: ట్రాక్ లేని చోట స్ప్రింటర్‌కి ఎంతవరకు పనికొస్తాయి?

బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు సైకిలు స్ప్రింట్ నేర్చుకునే పిల్లలకి దగ్గర్లో వెలోడ్రోమ్ (సైకిలు పందేల ట్రాక్) లేదు. రోడ్డు సైకిలు మీదే సాధన. అక్కడ స్టాప్‌వాచ్ సగం సంగతే చెబుతుంది. సముద్రపు గాలి ఎదురైతే ఒక టైము, వెనక నుంచి తోస్తే ఇంకో టైము. పైగా 35 డిగ్రీల గాలి 20 డిగ్రీల గాలి కంటే దాదాపు 5 శాతం పలచన. అదే బలానికి మే నెలలో సైకిలు ఇంకాస్త వేగంగా పోతుంది. కాళ్ళు బలపడ్డాయా, గాలి పలచబడిందా అన్నది తేలాలంటే తొక్కే పవర్‌ని వాట్లలో కొలిచే పవర్ మీటర్ ఉండాల్సిందే. రెండు పెడళ్ళలోనూ ఆ మీటర్ ఉండే, ఇటలీ కంపెనీ ఫవేరో చేసే అసియోమా డ్యూవో ఆ పనికి తగిన వస్తువు. అయితే స్క్రీన్ మీద కనబడే అతి పెద్ద వాట్ల అంకె కోసమే కొనేట్టయితే డబ్బు దండగ.

దీని బలం లోపలి గైరోస్కోప్ (తిరిగే వేగాన్ని పసిగట్టే సెన్సర్). స్ప్రింట్ మొదట్లో పెడల్ ఒకే చుట్టులో ఒకచోట వేగంగా, ఒకచోట నెమ్మదిగా తిరుగుతుంది. చుట్టంతా ఒకే వేగం అనుకుని లెక్కవేసే మీటర్లు ఇక్కడే తప్పుతాయి. ఇది తిరిగే వేగాన్ని చుట్టు పొడవునా కొలుస్తుంది. కంపెనీ చెప్పే ఖచ్చితత్వం ఒక శాతం అటూ ఇటూ. ఒక్క ఎడమ పెడలే కొలిచే ఊనో మాత్రం స్ప్రింటర్లు తీసుకోవద్దు. అది ఎడమ కాలి అంకెను రెట్టింపు చేసి చూపిస్తుంది. గట్టిగా తొక్కేటప్పుడు రెండు కాళ్ళ మధ్య తేడా ఉంటే ఆ లెక్క చెడుతుంది.

స్టాండింగ్ స్టార్ట్‌లో, అంటే ఆగిన చోట నుంచి బయల్దేరేటప్పుడు, మొదటి తొక్కుడు మాత్రం దీనికి సరిగ్గా చిక్కదు. సైకిల్ కంప్యూటర్ సెకనుకు ఒక అంకె రాస్తుంది. మొదటి చుట్టుకే సెకను దాటుతుంది కాబట్టి ఆ పెద్ద టార్క్ (క్రాంక్‌ని తిప్పే బలం) సగటులో కరిగిపోతుంది. కంప్యూటర్‌లో 'స్మార్ట్ రికార్డింగ్' (మార్పు వచ్చినప్పుడే రాసే పద్ధతి) ఉంటే తీసేసి ప్రతి సెకనూ రాసేలా పెట్టండి. ఒక్క సెకను పీక్‌ని నమ్మొద్దు, 5 సెకన్ల సగటు చూడండి.

అసలు వాడకం టార్క్, కేడెన్స్ (నిమిషానికి పెడల్ చుట్లు, ఆర్‌పీఎమ్) జంటలో ఉంది. పావుగంట, ఇరవై నిమిషాలు ఒళ్ళు వేడెక్కించి, 6 సెకన్ల ప్రయత్నాలు నాలుగు చేయండి: పెద్ద గేరులో ఆగిన చోట నుంచి ఒకటి, మధ్య గేర్లలో రెండు, కదులుతూ చిన్న గేరులో ఒకటి. ప్రతిదాని తరవాత కనీసం 5 నిమిషాలు నెమ్మదిగా తొక్కాలి. కండరంలో ఖర్చయిన ఫాస్ఫోక్రియాటిన్ (కొన్ని సెకన్ల గట్టి ప్రయత్నానికి వాడే ఇంధనం) మళ్ళీ నిండాలి, తొందరపడితే చివరి ప్రయత్నం అలసటనే కొలుస్తుంది. వాట్లు అంటే టార్క్ × కేడెన్స్ × 0.1047. వాట్ల నుంచి టార్క్ తీసి, కేడెన్స్‌కి ఎదురుగా గ్రాఫు గీస్తే దాదాపు సరళరేఖ వస్తుంది. ఉదాహరణకి 60 ఆర్‌పీఎమ్ దగ్గర 160 న్యూటన్ మీటర్లు, 130 దగ్గర 100 వచ్చాయనుకుందాం. ఆ గీత 247 ఆర్‌పీఎమ్ దగ్గర సున్నాని తాకుతుంది. అందులో సగం, అంటే 123 దగ్గర పవర్ గరిష్ఠం: సుమారు 1,365 వాట్లు. గీత ఎడమ కొస పెరిగితే బరువుల సాధన ఫలించినట్టు, కుడి కొస జరిగితే వేగంగా తిప్పడం మెరుగైనట్టు.

గేరు ఎంపిక కూడా ఇక్కడే తేలుతుంది. 52×14 గేరులో (ముందు 52 పళ్ళు, వెనక 14) ఒక పెడల్ చుట్టుకి సైకిలు సుమారు 7.8 మీటర్లు పోతుంది. 60 కిలోమీటర్ల వేగానికి 128 ఆర్‌పీఎమ్ తిప్పాలి. పై ఉదాహరణలోని కుర్రాడికి ఇది సరిపోయే గేరే.

తప్పులు ఎక్కువగా అమర్చడంలో జరుగుతాయి. యాప్‌లో క్రాంక్ (పెడల్ బిగించే చెయ్యి) పొడవు సరిచూడండి. అసలు 165 మిల్లీమీటర్లు ఉంటే 172.5 అని పెడితే 1,000 వాట్లు 1,045గా కనిపిస్తాయి. కొత్తగా బిగించాక రెండు మూడు గట్టి స్ప్రింట్లు కొట్టి, అప్పుడు సున్నా కాలిబ్రేషన్ (బలం లేనప్పుడు సున్నా చూపేలా సరిచేయడం) చేయండి. ఎడమ పెడల్ మర ఉల్టా తిరుగుతుందని మర్చిపోకండి. ఎర్ర క్లీట్ (బూటు అడుగున ఉండి పెడల్‌కి తగులుకునే ముక్క) మొత్తం 6 డిగ్రీలు ఆడుతుంది, స్ప్రింట్‌కి ఆడని నల్లదే మేలు. క్లీట్‌ని పట్టుకునే పెడల్ స్ప్రింగు కూడా బిగించాలి. అయినా ట్రాక్ స్ప్రింటర్లు క్లీట్‌తోపాటు పట్టీలు కట్టుకోవడం ఊరికే కాదు, స్టార్ట్‌లో కాలు ఊడితే పళ్ళు రాలతాయి. అరిగిన చైను, కాసెట్‌తో (వెనక చక్రం పళ్ళ గుత్తి) పెద్ద గేరులో లేచి తొక్కితే చైను జారుతుంది. ముందు దాన్ని మార్పించండి.

కోరాపుట్ కొండల్లో జనవరి పొద్దున వచ్చిన అంకెని బరంపురం ఏప్రిల్ అంకెతో పోల్చొద్దు. చల్లబడిన కండరం, ముఖ్యంగా వేగంగా తిప్పేటప్పుడు, తక్కువ పవర్ ఇస్తుంది. వేడెక్కడానికి అక్కడ ఇంకో పది నిమిషాలు కలపండి.

ఒకసారి ఛార్జి చేస్తే 50 గంటలు వస్తుంది. ఛార్జింగ్ కొస అయస్కాంతంతో అతుక్కుంటుంది కాబట్టి చెమట, ఉప్పు తుడిచి మరీ పెట్టండి.